రంపం మందం

నాకు ముక్కు మీదే కోపం. ఇంట్లో అందరికీ తెలుసు, పరిశోధనలో నాకు గైడుగా ఉన్న మా సర్‌కి ఇంకా బాగా తెలుసు. అందుకే ఆ గుల్లని కోయనివ్వనని నేను అడ్డం తిరిగినప్పుడు ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు.

అది నేను కచ్ నుంచి తెచ్చుకున్న అమ్మోనైట్. చుట్టలు తిరిగిన సముద్రపు గుల్ల, ఎన్నడో రాయైపోయింది. నిమ్మకాయంత ఉంటుంది. మూడేళ్ళు ఎండల్లో పడి తిరిగితే, లోపలి చుట్టలు నలగకుండా దొరికింది ఇదొక్కటే. ఈ జీవి పెరిగేకొద్దీ గుల్లలో ముందుకు జరుగుతూ, వెనక ఒక్కో అడ్డగోడ కట్టుకుంటూ పోయేది. పుట్టినప్పటి మొదటి గది నుంచి చివరి గది దాకా చూడగలిగితే దాని బతుకంతా తెలిసినట్టే. నా థీసిస్ మొత్తం ఆ ఒక్క గుల్ల మీదే ఉంది.

సర్ పద్ధతి రంపం. ముప్పై ఏళ్ళుగా ఆయన గుల్లని సరిగ్గా నడిమికి కోయించి, నునుపు చేయించి, రెండు సగాలూ సొరుగుల్లో దాస్తున్నారు. నేను కోయకుండా ఎక్స్‌రేలతో చూస్తానన్నాను. ఎంతో గొడవపడ్డాక రెండు వారాలు గడువిచ్చారు. ఆలోగా లోపలి బొమ్మ రాకపోతే రంపమేనని ఖరాఖండిగా చెప్పేశారు.

కలకత్తాలోనే ఒక ఇంజనీరింగ్ ల్యాబులో పోత ఇనుములో పగుళ్ళు చూసే స్కానర్ ఉంది. దాన్ని నడిపే దాదాని, అంటే బెంగాలీలో అన్నని, బతిమాలి, భవానీపూర్ నుంచి సందేశ్ మిఠాయి పెట్టెలు మోసి, ఒక రోజు సంపాదించాను. గుల్లని పళ్ళెం పెట్టినట్టు పడుకోబెట్టాం. అది మెల్లగా తిరుగుతుంటే యంత్రం వందల బొమ్మలు తీసింది. తీరా వచ్చిందేమిటి? గోడ లేదు, గది లేదు, అంతా బూడిద రంగు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా అక్కడే ఏడ్చాను. దాదా పాపం టీ తెప్పించాడు.

టికియాపారాలో మా ఇంటికి వచ్చి నాన్న ముందు కూలబడ్డాను. నాన్న రైల్వే యార్డులో చక్రాలు చూసేవాడు. పొడుగు కర్ర సుత్తితో చక్రాన్ని కొట్టి, మోతని బట్టి లోపల పగులుందో లేదో చెప్పేవాడు. ఒక చెవి సరిగ్గా వినబడడం లేదని అనుమానం వచ్చిన రోజే తనంతట తను వెళ్ళి ఆ సంగతి చెప్పి, సుత్తి అప్పజెప్పేశాడు. రిటైరయ్యేదాకా స్టోర్లో కూర్చున్నాడు. ఆ రోజు నా గోడు మొత్తం విని ఒకటే అడిగాడు.

“ఎన్ని చోట్ల కొట్టావే?”

ఒక్కసారే తీశామన్నాను.

“ఒక్క దెబ్బకే తేల్చేస్తావేటే? మోత సరిగ్గా రాకపోతే చోటు మార్చి కొట్టాల.”

అప్పుడు ఆలోచించాను. పడుకోబెట్టిన గుల్లలోకి ఎటునుంచి వచ్చిన కిరణమైనా దాని వెడల్పంతా ఈదాల్సిందే. సగం దారిలోనే చచ్చిపోతోంది. గుల్లని ఏటవాలుగా నిలబెట్టాలి. ముందు పలచని రాగి రేకు పెడితే బలహీనమైన కిరణాలు అక్కడే ఆగిపోయి, గట్టివే లోపలికి వెళతాయి. ఇదంతా చెబితే దాదా ససేమిరా అన్నాడు. యంత్రం ఇంకొకళ్ళకి రాసి ఉందట. నేను గుమ్మం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు పొద్దున నన్ను చూడగానే తలుపు తీసి, రమ్మని చెయ్యి ఊపాడు.

ఈసారి గోడలన్నీ వచ్చాయి. చివరి మూడు గోడలు ఇరుకిరుగ్గా ఉన్నాయి. పెరగడం ఆగిపోయేటప్పుడే అలా కడుతుంది. పిల్లదని సర్ చీటీ రాసిన ఈ గుల్ల నిజానికి పూర్తిగా ఎదిగినదే. నట్టనడుమ గసగసాల గింజంత మొదటి గది, చెక్కు చెదరకుండా ఉంది. నాకెందుకో అనుమానమొచ్చి, వెళ్ళి రంపం బిళ్ళ మందం కొలిచాను. ఆ గదికి రెట్టింపు.

రెండు కొలతలూ సర్ బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని చూశారు. లేచి ఒక సొరుగు లాగి, ఒక గుల్ల సగాలు రెండూ తీసి కలిపి పట్టుకున్నారు. చుట్టలు కలవలేదు. నడుమ రంపం మందమంత లోటు. దాని చీటీ మీద ఆయన రాతే ఉంది: మొదటి గది శిలాజంలో నిలవలేదు. సొరుగులో ప్రతి చీటీ మీదా అదే మాట. ఆయన రంపం గది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి ఆ తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, సర్ మొహం ఎలా మాడిపోయిందో నాన్నకి అభినయించి చూపించాను. నాన్న నవ్వలేదు.

“ఎగతాళి చెయ్యకే. అన్నేళ్ళు కొట్టాక నీ చెవే తప్పని తెలిస్తే ఎలాగుంటాదో నాకు తెలుసు.”

వేలికి తిప్పుతున్న తాళంచెవిని తీసి పక్కన పెట్టేశాను.

మర్నాడు నేను వెళ్ళేసరికే సర్ వచ్చి ఉన్నారు. నేల మీద సొరుగులన్నీ పరిచి, మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒక్కో చీటీ మీద పాత మాట కొట్టేసి, కింద కొత్తగా రాస్తున్నారు: మొదటి గది మా కోతలో పోయింది. నేను చెప్పులు విడిచి, ఒక పెన్ను తీసుకుని, పక్క సొరుగు ముందు కూర్చున్నాను.