ఓబుళేసు సార్ ఎలుకలకు నేను పెట్టిన ఒక్కపొద్దు

నిన్న పొద్దున రాప్తాడు స్టాపులో కదిరి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్ వచ్చింది. ఓబుళేసు పోయాడన్నారు.

ఏ ఓబుళేసు అని అడిగాను. మా వైపు ఇంటికొక ఓబుళేసు ఉంటాడు కదా.

మన ఫార్మసీ కాలేజీ ఓబుళేసు సారే అన్నారు. స్నానానికి వెళ్ళి బయటికి రాలేదట. హార్ట్ అటాక్.

బస్సు వచ్చింది. వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

నాకు డెబ్బై నాలుగు. ఆయనకు యాభై కూడా నిండలేదు.

మన కాలేజీ వాట్సాప్ గ్రూపులో నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఒక్క సంగతి చెప్పాలి.

రెండువేలు దాటిన కొత్తల్లో నేను కాలేజీలో ఎలుకల రూమ్ అటెండర్ని. టెంపరరీ. తెల్ల ఎలుకలకు మేత, నీళ్ళు పెట్టడం, బోన్లు కడగడం నా పని. సార్ అప్పుడు రీసెర్చ్ చేస్తున్నారు.

కదిరి దగ్గర పల్లెలో వాళ్ళ అవ్వ మోకాళ్ళ నొప్పులకు ఒక ఆకు కషాయం ఇచ్చేది. పరగడుపున తాగాలి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వచ్చి తాగేవాళ్ళు.

ఆకు పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు కాచుకుని తాగుతారు.

ఆ మందు కడుపులోకి పోతే ప్రాణానికి హాని ఉందా లేదా అని ఎలుకల మీద చూడడం సార్ పని. అవ్వ మందుకు ఏ వంకా లేదని కాగితం మీద చూపించాలని ఆయన ఆశ.

మందు పోసే ముందురోజు సాయంత్రం నాకు చెప్పారు.

"ఎర్రిస్వామన్నా, ఈ పొద్దు ఎలుకలకు ఒక్కపొద్దు. మేత తీసెయ్, నీళ్ళు ఉండనీ."

మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దు అంటే అన్నం ముట్టరు. పలహారం తింటారు.

మేత తీసేశాను. నానబెట్టిన శెనక్కాయ విత్తనాలు బోనుకు పిడికెడు వేశాను. కరువు సంవత్సరం అది. ఇంట్లో విత్తనానికి దాచిన వాటిలోంచే తెచ్చాను. పొద్దున సార్ వచ్చేలోపల పొట్టు ఊడ్చేశాను.

సార్ ఒక్కొక్క ఎలుకనూ తూకం వేసి, సన్న గొట్టంతో గొంతులోకి మందు పోశారు. రెండు వారాలు చూశారు. ఒక్కటీ చావలేదు.

రిపోర్టు టైపు అయింది. మిక్చర్ పొట్లం తెచ్చి నాకూ పెట్టారు. ఖాళీ కడుపున అంత డోసు పోసినా ఏమీ కాలేదు, ఇంక అవ్వ ధైర్యంగా ఇవ్వచ్చు అన్నారు.

నేను మిక్చర్ పక్కన పెట్టి అడిగాను.

"సార్, ఒక్కపొద్దుంటే పలహారం పెట్టగూడదా?"

"ఏం పెట్టినావప్పా?"

"శెనక్కాయ ఇత్తనాలు. పిడికెడు."

సార్ రిపోర్టు చేతిలోకి తీసుకున్నారు. ఆ తర్వాత, "బెల్లం పెట్టలేదా మల్ల?" అన్నారు.

"చీమలు పడతాయని పెట్టలే సార్."

నవ్వారు. నవ్వుతూనే రిపోర్టు చించారు.

కొత్త ఎలుకలు వచ్చి, మళ్ళీ మొదలుపెట్టేసరికి ఆరు నెలలు పోయాయి. ఎందుకు లేటయిందని సార్ రీసెర్చ్ గైడు గట్టిగా అడిగారు. పొరపాటు నాదే సార్ అన్నారు ఓబుళేసు సార్. నేను పక్కనే బోను కడుగుతున్నాను. నోరు తెరవలేదు. ఉద్యోగం పోతుందని భయం.

ఈసారి నిజంగా ఖాళీ కడుపు. పెద్ద డోసు పోసిన ఎలుకలు మధ్యాహ్నానికే మూలకు ఒదిగాయి. మూడు చచ్చిపోయాయి.

ఆదివారం ఆయన పల్లెకు వెళ్ళి అవ్వకు చెప్పారు. అవ్వకు కోపం వచ్చింది.

"నా చేతి మందు తాగి సచ్చినోల్లు యాడుండారు? సూపించు."

"సచ్చేదాకా సూడాల్నా అవ్వా?"

రెండు రోజులు ఆమె మనవడితో మాట్లాడలేదట. మూడో రోజు ఆకు నూరే కల్వం కడిగి బోర్లించిందట. మళ్ళీ ఎవరికీ ఆ మందు ఇవ్వలేదు.

నేను ఆ పొద్దు అడగకుండా ఊరుకుని ఉంటే?

నిన్న వాళ్ళ ఇంటికి వెళ్ళాను. హాల్లో పడుకోబెట్టారు. లేచి ఏమన్నా అంటారేమో అన్నట్టు ఉంది ముఖం. ఇప్పటికీ నమ్మలేకుండా ఉన్నాను.

ఆయన భార్యకు ఈ సంగతంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయింది.

"మీ పేరు ఎప్పుడూ చెప్పలేదన్నా. తప్పు నాదే అంటాండ్రి."

ఇన్నేళ్ళు. ఇంట్లో కూడా.

అందుకే అందరూ చదవండి. ఆ తప్పు ఓబుళేసు సార్‌ది కాదు. నాది. ఎర్రిస్వామిది.

పోయి రాండి సార్. మీ ప్రాణం నెమ్మదిగా ఉండాల.