దిగి చూడగలిగే చోటు

మా బావకి కంప్యూటర్ అంటే ఏమిటో సరిగ్గా తెలియని రోజుల్లో కూడా నన్ను ఆటపట్టించడం మాత్రం బాగా తెలుసు. "మా మరదలు రోజంతా కూర్చుని కీబోర్డులో పేలు చూస్తుంది" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాడు. దుకాణాలకీ ట్యూషన్ సెంటర్లకీ వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. ఆయన పని లిఫ్టులు బాగుచెయ్యడం. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "పైకి పోవడం, కిందికి రావడం తప్ప నీ బతుకులో ఇంకేముంది బావా" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మధ్యలో మా అక్క ఇద్దరికీ చెరో మొట్టికాయ పెట్టేది.

పనిలో బావకి ఒక జోడీ ఉండేవాడు. ఏ గుమ్మంలోనైనా తల వంచుకుని దూరాల్సిన మనిషి కాబట్టి అందరూ పొడుగన్న అని పిలిచేవాళ్ళు. ఒకరు మేడ పైన మోటారు గదిలో ఉంటే, ఇంకొకరు లిఫ్టు దారికి అట్టడుగున గుంతలో దిగి పని చేసేవాళ్ళు. ఆ లోపల ఫోన్లు పలకవు. అందుకని వాళ్ళకో పద్ధతి ఉండేది. పైనున్నవాడు లిఫ్టుని కదిలించే స్విచ్ వేసే ముందు "ఉన్నావా?" అని కేకెయ్యాలి. కిందివాడు ఇంకా గుంతలోనే ఉంటే "ఉన్నా" అంటాడు. బయటికొచ్చి నిలబడ్డాకే "వచ్చేశా" అంటాడు. ఆ మాట వినపడితేనే స్విచ్ మీద చెయ్యి పడాలి. అసలు జవాబే రాకపోతే మెట్లన్నీ దిగి వెళ్ళి కళ్ళతో చూసి రావాలి. పనిలో చేరిన కొత్తవాళ్ళకి బావ ఈ సంగతి చెవినిల్లు కట్టుకుని పోరేవాడు.

అంత పోరినవాడు ఒకరోజు అడగలేదు. ఎందుకు అడగలేదో ఆయనకే తెలియదు. ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాడు, అడిగిన ప్రతిసారీ జవాబు వస్తూనే ఉంది. ఆ రోజు చెయ్యి ముందు పోయింది, నోరు వెనకబడింది. పొడుగన్న గుంతలోనే ఉన్నాడు.

విచారణకొచ్చినవాళ్ళ ముందు బావ ఏదీ దాచలేదు. "అడగలేదు" అన్నాడు, అంతే. పని మానేశాడు. లిఫ్టు ఎక్కడం మానేశాడు. కొన్నాళ్ళకి గది దాటి రావడం కూడా మానేశాడు. మా అక్క కంచం లోపలికి తీసుకెళ్ళేది, సగం తిన్న కంచం బయటికి తెచ్చేది. ఏం చెప్పినా ఊ కొట్టేవాడు. "మనిషి ఇంట్లోనే ఉన్నాడే, కానీ ఎక్కడున్నాడో తెలియట్లేదు" అని అక్క వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చేది. నాకు ఆయన మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చేది. బతికున్నవాళ్ళని ఇలా కాల్చుకు తినడమేమిటని.

అలాంటి మనిషి మూడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచి, పాత అట్టపెట్టె మూత ఒకటి చేతిలో పెట్టాడు. దాని మీద పెన్సిలుతో అంతస్తులు గీసి ఉన్నాయి. అదొక ఆట. ఒకరు పైనుంచి, ఒకరు కిందనుంచి ఒకే లిఫ్టుని నడుపుతూ జనాన్ని వాళ్ళ వాళ్ళ అంతస్తుల్లో దించాలి. ఒకరి వైపు ఉన్నది ఇంకొకరికి కనపడదు. భోజనాల వేళ ఆయనా పొడుగన్నా ఆడుకునేవాళ్ళట.

"ఇలాంటివి ఇంకో నాలుగున్నాయి. ఇంటర్నెట్లో అందరూ ఆడేలా పెట్టగలవా?" అన్నాడు.

తలుపు వెనక అక్క రెండు చేతులూ జోడించి నావైపు చూస్తోంది. "పెట్టగలను" అన్నాను, ఆయన మాట పూర్తి కాకుండానే.

ఒక్క షరతు పెట్టాడు. ఆటల సైట్లలో ఒక్కో ఆటకీ తెర మీద ఒక బల్ల ఉంటుంది. లైన్ తెగిపోయిన ఆటగాణ్ణి మామూలుగా కాసేపు చూసి ఆ బల్ల దగ్గర్నుంచి లేపేస్తాం. అది కుదరదన్నాడు. బల్ల దగ్గర కూర్చున్న ప్రతివాడికీ మూడు బొత్తాలుండాలి. ఒకటి ఎదుటివాణ్ణి "ఉన్నావా?" అని అడగడానికి, ఒకటి "ఉన్నా" అనడానికి, ఒకటి "వచ్చేశా" అనడానికి. కూర్చున్నవాళ్ళందరూ "వచ్చేశా" నొక్కేదాకా బల్ల మూసుకోకూడదు, లైన్ పోయినా సరే. "ఇలా అయితే సైట్ నిండా ఖాళీ మనుషులే కూర్చుంటారు బావా" అన్నాను. వినలేదు. ఆయన అడిగినట్టే రాశాను. చాలా రోజుల తర్వాత నా మీద ఒక జోకు కూడా వేశాడు. వంటింట్లో కుళాయి చప్పుడు తగ్గింది.

ఇక మిగిలింది సైట్‌కి చోటు వెతకడం. సైట్ అంటే సామాను లాంటిది. అది ఉండటానికి ఎక్కడో ఒక కంప్యూటర్లో అద్దెకు గది కావాలి. దాన్నే హోస్టింగ్ అంటారు. ఆటల సైట్‌కి ఏ గది పడితే ఆ గది పనికిరాదు. ఇక్కడ నొక్కితే అక్కడ వెంటనే కదలాలి. ఎంతమంది ఒక్కసారి వస్తే తట్టుకుంటుంది, చెడిపోతే ఫోనెత్తే నాథుడున్నాడా, ఇవన్నీ చూసుకోవాలి. నేను ఇవన్నీ చెబుతుంటే బావ ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు.

"అవసరమైతే దిగి చూడటానికి వీలుందా?"

"కంప్యూటర్ సముద్రాల అవతల ఉంటుంది బావా. ఎక్కడికని దిగుతావు?" అని నవ్వాను.

మొదట చవక రకం ఒకటి పట్టాను. కొన్నాళ్ళు ఊరికే వాడి చూడమంటారు. దానిలో ఒక తిరకాసుంది. ఎవరూ రాకపోతే సైట్‌ని నిద్రపుచ్చేస్తారు, ఎవరైనా వచ్చినప్పుడు లేపుతారు. సైట్ లేవడానికి ఎంతసేపు పడుతుందో చూద్దామని దాన్ని అక్కడ పెట్టి, దాని జోలికి పోకుండా మర్నాడు పొద్దున తెరిచాను. అది నిద్రపోలేదు. అసలు ఒక్కసారి కూడా కన్ను మూయలేదని లెక్కలు చెబుతున్నాయి. లోపల ఎవరో ఉన్నారు.

మొదటి బల్ల దగ్గర ఒక అతిథి కూర్చుని ఉన్నాడు. పేరు చెప్పకుండా వచ్చినవాళ్ళని సైట్ అలాగే పిలుస్తుంది. పక్కన "ఉన్నా" అని వెలుగుతోంది.

ఆ చిరునామా నేను మా అక్కకి కూడా చెప్పలేదు. అయినా భయపడలేదు. ఇంటర్నెట్లో కొత్త చిరునామా పుట్టిన వాసన పట్టి, వచ్చి తలుపులు తట్టి చూసే ప్రోగ్రాములు బోలెడు తిరుగుతుంటాయి. బావకి అదే చెప్పాను.

"అవి వచ్చి ఏం చేస్తాయి?" అన్నాడు.

"కనపడ్డ బొత్తాలన్నీ నొక్కేసి పోతాయి."

"వీడు ఒక్కటే నొక్కాడుగా. పోలేదుగా."

నేను బల్ల దగ్గర కూర్చుని "ఉన్నావా?" నొక్కాను. జవాబు లేదు. ఇంకోసారి, ఇంకోసారి నొక్కాను. ఏమీ లేదు. అప్పుడు బావ తన సీటు నుంచి ఒక్కసారి నొక్కాడు. ఊపిరి పీల్చి వదిలేంత సేపు ఆగి, "ఉన్నా" అని మెరిసింది. ఆయన కళ్ళార్పకుండా చూస్తూ, "కేక కిందికి పోయి జవాబు పైకి రావడానికి అంతే పట్టేది" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన తెర ముందునుంచి లేవలేదు. అడగడం, జవాబు చూడటం. మళ్ళీ అడగడం. ఆటల మాటే మర్చిపోయాడు. కంచం మళ్ళీ లోపలికి పోవడం మొదలైంది. అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "ఏం సైట్ తెచ్చిపెట్టావే నాయనా" అంది. "ఇన్నాళ్ళూ గదిలో ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఇద్దరున్నారు. ఇక బయటికి రాడు." ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు. అదే నన్ను కుదిపేసింది.

ఇంతలో ఆ చవక హోస్టింగ్ గడువు అయిపోయి, వాళ్ళే సైట్ తీసేశారు. నేను హమ్మయ్య అనుకున్నాను. బావ మొహం పాలిపోయింది. "అడగకుండానే తీసేశారా?" అన్నాడు. తీసేశారన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. వేరే దారి లేక ఇంకో చోట, ఈసారి పెద్ద కంపెనీలో, దూర దేశపు కంప్యూటర్లో పెట్టాను. చిరునామా కూడా కొత్తది. పెట్టి, తెరిచాను.

మొదటి బల్ల. అతిథి. ఉన్నా.

బావ లేచొచ్చి అడిగాడు. అదే జాగు తర్వాత అదే జవాబు. నేను ఆ కంప్యూటర్ వేగం కొలిచి చూశాను. అక్కడినుంచి మాకు జవాబు రావాలంటే పాత చోటు కంటే చాలా ఎక్కువ సేపు పట్టాలి. నాకైతే అలాగే పడుతోంది. ఆ ఒక్క జవాబుకి మాత్రం దూరంతో పని లేదు. చోటు మార్చినా దాని జాగు మారడం లేదు. ఎన్ని రకాలుగా సర్దిచెప్పుకున్నా ఈ ఒక్కటీ నా బుర్రకి ఎక్కలేదు. ఇప్పటికీ ఎక్కదు.

"వాడు 'ఉన్నా' అంటున్నంతసేపూ మనం ఏదీ ముట్టుకోకూడదు" అన్నాడు బావ. "దిగి చూడాలి. దిగి చూడగలిగే చోటు వెతుకు."

ఈసారి నవ్వలేదు. వెతికాను. మా ఇంటినుంచి బస్సులో వెళ్ళగలిగే దూరంలో, ఒక పెద్ద మేడ కింద నేలమాళిగలో, సొంతంగా యంత్రాలు పెట్టుకుని అద్దెకిచ్చే ఒకాయన దొరికాడు. వేగంలో గానీ పేరులో గానీ ఆ పెద్ద కంపెనీకి సాటిరాడు. "వచ్చి చూసుకోండి, దాందేముంది" అన్నాడు ఫోన్లో. సైట్ అక్కడికి మార్చాను. అతిథి అక్కడికీ వచ్చాడు. బావ చొక్కా మార్చుకుని, దువ్వెన కోసం వెతుక్కున్నాడు. అక్క గుమ్మంలో నిలబడి నా చెయ్యి గట్టిగా నొక్కింది.

మెట్లు దిగి వెళ్ళాం. బావ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. కింద గది చల్లగా, హోరుగా ఉంది. ఇనప అరల్లో యంత్రాలు, వాటి మీద పచ్చటి చుక్కలు. హోస్టింగాయన ఒక నల్లపెట్టె చూపించి, "ఇదేనండి మీది" అని పైన ఫోన్ మోగితే వెళ్ళిపోయాడు. నేను ఫోన్లో సైట్ తెరిచి బావకిచ్చాను. బావ దాన్ని చూడలేదు. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గుంతలోకి వంగినట్టు వంగి, నోటితోనే పిలిచాడు.

"ఉన్నావా?"

హోరు తప్ప ఏమీ లేదు.

"ఆ రోజు అడగలేదురా" అన్నాడు. "ఇవాళ దిగి వచ్చి అడుగుతున్నా. ఎక్కడున్నావు?"

ఆయన చేతిలో ఫోన్ మెరిసింది. నేను ఆయన భుజం మీదుగా చూశాను. అతిథి పక్కన "ఉన్నా" లేదు. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా నొక్కని బొత్తం నొక్కాడు.

"ఉన్నావా?"

నేను ఇనప అర పట్టుకున్నాను. బావ ఆ మాట ఇంకోసారి చదివాడు. తర్వాత మెల్లిగా, "అవునే, కిందున్నది నేను కదా" అన్నాడు. "ఉన్నా" నొక్కాడు. అప్పుడు ఏడ్చాడు. పొడుగన్న పోయిన రోజున కూడా అలా ఏడవడం నేను చూడలేదు.

కళ్ళు తుడుచుకుని లేచి, గది చివర లిఫ్టు దగ్గరికి నడిచాడు.

"మెట్లెక్కుదాం బావా" అన్నాను, భయమేసి.

"మెట్లు దిగి చూడటానికి. పైకి రావడానికి లిఫ్టు" అన్నాడు. తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు విన్నాడు, బాగానే ఉందన్నట్టు తలూపాడు. ఎక్కాం. తలుపులు మూసుకోగానే ఫోన్లో లైన్ పోయింది. వేరే ఏ సైట్ అయినా ఆయన్ని బల్ల దగ్గర్నుంచి లేపేసేదే. ఇది లేపలేదు. పైన ఎవరో స్విచ్ దగ్గర చెయ్యి పెట్టుకుని ఆగినట్టు, లిఫ్టు కదలడానికి ఒక్క క్షణం ఎక్కువే తీసుకుంది. బావ కళ్ళు మూసుకున్నాడు. కదిలింది.

తలుపులు తెరుచుకున్నాయి. బయట ఎండ, ఆటోల రొద. బావ గడప దాటి, రెండు కాళ్ళూ వీధిలో ఆనాక, నిలబడి, "వచ్చేశా" నొక్కాడు.

ఊపిరి పీల్చి వదిలేంత సేపు ఏమీ లేదు. తర్వాత అతిథి పక్కన కూడా అదే మాట వెలిగింది. బల్ల మూసుకుంది.

ఇంతలో ఆ ఫోన్‌కే అక్క చేసింది, బావ చేతిలోంచి తీసుకుని ఎత్తాను. "ఏమైందే? మీ బావ ఎలా ఉన్నాడు?" అంటోంది. ఫోన్ బావవైపు చాపాను. అందుకున్నాడు.

"ఆకలేస్తోంది" అన్నాడు. "వస్తున్నాం. కంచం గదిలోకి తేవద్దు, వంటింట్లోనే కూర్చుంటా."