అత్తగారు దిద్దిన సాక్ష్యం

మా అత్తగారు ముప్పైమూడేళ్ళు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆవిణ్ణి వదిలింది గాని ఆవిడ ఎర్రపెన్నును వదల్లేదు. పెళ్ళి శుభలేఖలు దిద్దుతారు, చర్చి బులెటిన్ దిద్దుతారు, కరెంటు పోతుందని అపార్ట్‌మెంట్ గేటుకు అంటించిన నోటీసు కూడా దిద్దుతారు. నా రొమ్ములో వచ్చిన గడ్డ గురించి నేను రాసుకున్న నాలుగు పేజీలనూ అలాగే దిద్దారు. నాలుగు పేజీలు ఒకటయ్యాయి. కొట్టేసిన మూడింటిలో నా ప్రాణంతోపాటు ఇంకో మనిషి ప్రాణం కూడా ఉందని అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

గడ్డ స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. బఠానీ గింజంత. నాకప్పుడు నలభై ఏడు. మా ఆయనది రైల్వే ఆఫీసులో పని. ఏ ఫైలైనా మొదటి పేజీ చూసి పక్కన పెట్టడం ఆయనకు పాతికేళ్ళ అనుభవం. మమోగ్రామ్ తీయించుకుని వెళ్తే డాక్టరమ్మ ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి, "మీకు డెన్సిటీ ఎక్కువ" అంది.

"డెన్స్ అంటే మంచిదేగా మేడం, గట్టిగా ఉన్నట్టు" అన్నారు మా ఆయన. ఆయనకు ఆ క్షణంలో కొంచెం గర్వం కూడా కలిగినట్టుంది.

"గట్టికీ మెత్తకీ సంబంధం లేదండీ. చేత్తో పట్టుకుంటే తెలిసేది కాదిది, ఫొటోలోనే తెలుస్తుంది. కొవ్వు తక్కువ, మిగతా కణజాలం ఎక్కువ. అది తెల్లగా కనిపిస్తుంది, గడ్డ కూడా తెల్లగానే కనిపిస్తుంది. పెరుగన్నంలో కొబ్బరిముక్క వెతికినట్టుంటుంది మా పని. పైగా ఇలా ఉన్నవాళ్ళకి ముప్పు కూడా కాస్త ఎక్కువే" అందావిడ. అందుకే మమోగ్రామ్ ఒక్కటే చాలదని స్కాన్ కూడా చేయించింది. తర్వాత సూది. సూది పరీక్షలో ఏదో అనుమానంగా ఉందని ఆపరేషన్ చేసి గడ్డ మొత్తం తీసేశారు.

రిపోర్టు వచ్చింది. రెండు పేజీలు. మొదటి పేజీలో క్యాన్సర్ లేదని ఉంది. డాక్టరమ్మ రెండో పేజీ తిప్పేసరికి మా ఆయన వరండాలో ఉన్నారు, ఫోన్లో బంధువులందరికీ "ఏం లేదట, ఏం లేదట" అని చెప్తూ. రెండో పేజీ నేనొక్కదాన్నే విన్నాను. "ఇది క్యాన్సర్ కాదమ్మా. కాని గడ్డలో కొన్ని కణాలు ఉండాల్సిన తీరులో లేవు. మామూలు గడ్డలు చాలావాటితో భయం లేదు. ఇది ఆ రకం కాదు. ఇలాంటిది వచ్చినవాళ్ళకి ముందుముందు క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా ఎక్కువ. వస్తుందని కాదు, కనిపెట్టి ఉండాలి. ఆరు నెలలకు రండి. ఆ తర్వాత ఏటేటా."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం మా ఇల్లు. నేను ఆటో దిగేలోపే కృతజ్ఞత కూడిక తేదీ ఖరారైంది. మా క్రైస్తవుల్లో దేవుడు మేలు చేస్తే ఊరికే ఉండకూడదు. నలుగురినీ పిలిచి, నిలబడి ఆ మేలుకు సాక్ష్యం చెప్పాలి, తర్వాత బిర్యానీ పెట్టాలి. వచ్చేవాళ్ళు దేనికి వస్తారన్నది దేవుడికే తెలుసు.

నేను లెక్కల టీచర్ని. జరిగింది జరిగినట్టు వరసగా రాశాను. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని కూర్చున్నారు. ముందు 'రొమ్ము' పోయింది. దాని స్థానంలో 'శరీరంలో ఒకచోట' వచ్చింది. ఏ చోటో చర్చి స్త్రీల సమాజంలో అందరికీ మూడు నెలల ముందే తెలుసు, ప్రార్థన మనవి చదివిన సాయంత్రమే. తర్వాత సూది పోయింది. ఆపరేషన్ పోయింది.

"ఆపరేషన్ అంటే మహిమంతా డాక్టరుకు పోతుందమ్మా" అన్నారు.

"డాక్టరే కదా అత్తయ్యా తీసింది."

"తీయించింది ఎవరో అది చెప్పు. కత్తి సంగతి ఎందుకు?"

చివర నేను రాసిన 'ఆరు నెలలకు మళ్ళీ చూపించుకోవాలి' దగ్గర ఆవిడ పెన్ను చాలాసేపు ఆగింది. "సాక్ష్యానికి ముగింపు ఉండాలి. దేవుడు చేసిన పనికి ఆరు నెలలకు తనిఖీ ఏంటి?" అని దాన్ని రెండు గీతలతో కొట్టేశారు. నేను గట్టిగా కాదనలేదు. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవాలి. అరవైమంది ముందు ఆ చోటు పేరెత్తి చెప్పాల్సిన అవసరం తప్పిందని లోపల హాయిగానే ఉంది.

కూడిక పెట్టుకున్న గురువారం మారేడ్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ డాబా మీద షామియానా వేశారు. నేను కాయితం చూడకుండా చెప్పాను. "గడ్డ ఉంది. ప్రార్థన చేశాం. ఇప్పుడు లేదు." ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు, అదే మా అత్తగారి గొప్పతనం. అందరూ స్తోత్రం అన్నారు. ముసలమ్మలు నా తల నిమిరారు. ఒకావిడ తన థైరాయిడ్ కోసం నన్నే ప్రార్థన చెయ్యమంది. నిన్నటిదాకా కూర మాడ్చిన కోడలిగా తెలిసినదాన్ని ఒక్క పూటలో విశ్వాస వీరురాలినయ్యాను. నాకది బాగుంది. ఇంకో రెండు చర్చిలవాళ్ళు పిలిస్తే వెళ్ళి మళ్ళీ చెప్పాను. మూడోసారికి నాకే నమ్మకం కుదిరింది.

ఆ రోజు అందరూ బిర్యానీ దగ్గరికి వెళ్ళాక ఒకామె నా దగ్గర మిగిలింది. మా చర్చిలో సగంమంది జాకెట్లు కుట్టేది ఆమే. రెజిమెంటల్ బజార్లో ఒక మెట్ల కింద ఆమె మిషను. నా చెయ్యి పట్టుకుని వదలకుండా, "ఏం చెయ్యకుండనే పోయిందా అక్కా?" అని అడిగింది.

నేను, "అంతా దేవుని దయ" అన్నాను. వెనకాల అత్తగారు తలూపారు.

ఆరు నెలలు గడిచాయి. డాక్టరమ్మ చెప్పిన తేదీ వచ్చింది, పోయింది. మూడు చర్చిలవాళ్ళ ముందు గడ్డ పోయిందని చెప్పిన మనిషి స్కాన్ సెంటర్ బెంచీ మీద కనిపిస్తే ఏం బాగుంటుంది? స్కూల్లో పరీక్షలున్నాయని ఒకసారి, మామిడికాయ పచ్చళ్ళని ఒకసారి వాయిదా వేశాను. మా ఆయనను అడిగితే, "లేదన్నారుగా, మళ్ళీ ఏంటి?" అన్నారు. ఆయన ఫైలు ఎప్పుడో మూసేశారు. నేను మాత్రం రోజూ స్నానాల గదిలో తడుముకునేదాన్ని. ప్రతిచోటా గడ్డలే తగిలేవి. నాకు భయమేసేది, చాలా భయమేసేది, దాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు.

పదకొండో నెలలో ఇక ఉండబట్టలేక, స్కూల్లో మీటింగుందని చెప్పి బయల్దేరాను. దగ్గర్లో సెంటర్లు లేక కాదు, తెలిసినవాళ్ళు చూస్తారని అంతదూరం ఏ.ఎస్. రావు నగర్ వెళ్ళాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు మొహానికి మాస్కు కూడా పెట్టుకున్నాను. మమోగ్రామ్, స్కాన్ రెండూ అయ్యాయి. కొత్తగా ఏమీ లేదు, ఇప్పటికి. స్కాన్ చేసిన అమ్మాయి చేత ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను.

బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్తే అక్కడ ఇంకో మాస్కు కూర్చుని ఉంది. ఆ కళ్ళు నాకు తెలుసు. జాకెట్లు కుట్టే ఆమె.

"నువ్వేంటి ఇక్కడ?"

"ఆడ ఎవరన్న చూస్తరని గింత దూరం వచ్చిన అక్కా. మీరు సుత గందుకేనా?"

నేను మాస్కు కిందికి లాగాను. ఆమె నా చెయ్యి తీసుకుని తన కుడి రొమ్ము మీద పెట్టింది. వెతకాల్సిన పని లేకుండా తగిలింది. నిమ్మకాయంత ఉంది, కదల్లేదు.

"ఎన్నాళ్ళైంది?"

"మీ ఇంట్ల కూడికప్పుడు గింత చిన్నగ ఉండె. మీది పోయింది గద, నాది సుత పోతదని ఉన్న. రోజూ ప్రార్థన చేసిన అక్కా. నా విశ్వాసంలనే ఏదో తక్కువున్నదనుకున్న."

గౌను పక్కకు తీసి నా మచ్చ చూపించాను. కుట్లు ఒరుసుకోకుండా నా జాకెట్టు ఒక పక్క వదులు చేసిచ్చిన మనిషే, ఎందుకని అప్పుడు మర్యాదకు అడగలేదు. "ప్రార్థన చేశాం, నిజమే. కాని కోసి తీశారు. నేను చెప్పలేదు" అన్నాను.

ఆమె వేలితో ఆ మచ్చ వెంట ఈ చివర నుంచి ఆ చివరకు తడిమింది. "గింతేనా?" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమెను ఆ రోజే మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె రిపోర్టులో రెండో పేజీ దాకా వెళ్ళక్కర్లేకపోయింది, క్యాన్సరని మొదటి పేజీలోనే ఉంది. మందులతో చిన్నది చేసి తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు, ఇప్పుడవి నడుస్తున్నాయి. తిలాపాపం తలా పిడికెడు అని ఇంట్లో అంతా చెప్పి పంచుకుందామని చూశాను గాని, అత్తగారు ఆ రాత్రి అన్నం తినలేదు, మా ఆయన టీవీ పెట్టలేదు. నా వంతు ఏమీ తగ్గలేదు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ ఆమెను అడిగింది, "ఇంత పెద్దదయ్యేదాకా ఎందుకాగావు? ముందే వచ్చుంటే ఇంత తక్లీఫ్ ఉండేది కాదు కదా."

ఆమె నా వైపు చూడలేదు. "పెళ్ళిళ్ళ సీజను మేడం. కుట్టేటివి శాన ఉండె, మర్చిపోయిన" అంది.

నన్ను కాపాడుతోందని అర్థమయ్యాక కూర్చోలేకపోయాను. "కాదు మేడం. నా మాట విని ఆగింది. నాకు ఆపరేషన్ అయిందని నేను చెప్పలేదు" అన్నాను.

డాక్టరమ్మ రాయడం ఆపి, "ఎందుకు చెప్పలేదు?" అంది.

అత్తగారి మీదికి తోసెయ్యొచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"సిగ్గేసింది మేడం" అన్నాను.

"నాకు సుత గంతే" అంది ఆమె మెల్లగా.