పనసపండు కేసులో రాష్ట్రపతికి అర్జీ

1953 ఎండాకాలం. రాయపూర్ కచేరీలో తెలుగు ప్లీడరు ఒక్కరే ఉండేవారు. ఆయన గుమస్తాని నేను. రాష్ట్రపతి గారి అధికారం ఎక్కడ ఆగుతుందో ఆ ఏడాది నేనే తేల్చానని రైల్వే క్వార్టర్లలో చాలాకాలం చెప్పుకు తిరిగాను. ఆ తేల్చడం ఎలా జరిగిందో వినండి.

ఒక ఉదయం పైడమ్మ వచ్చింది. ఆమె మొగుడు అప్పన్న స్టేషన్ పార్సిల్ ఆఫీసులో టెంపరరీ పోర్టరు. విజయనగరం నుంచి రైలు గార్డు గారి తల్లికి వచ్చిన పనసపండు ఆ ఆఫీసులోనే మాయమైంది. ఆవిడ ఫిర్యాదు ఇచ్చారు. పోలీసులు అప్పన్న మీద ఇన్వెస్టిగేషన్ మొదలుపెట్టారు, అంటే ఇంకా సాక్ష్యాలు పోగుచేసే దశ. అది ముదిరి ఛార్జిషీటు దాకా, అంటే కోర్టులో నేరం మోపేదాకా వెళితే, పర్మనెంటు సంగతి అటుంచి ఉన్న పనీ, తలదాచుకునే గదీ రెండూ పోతాయి.

"ఉరిశిచ్చోడికే రాష్ట్రపతి మాపీ సేసీసేడంట గదా బాబూ. పనసపండుకి సెయ్యడా?" అంది.

"నా చేతి అర్జీ అయితే ఢిల్లీలో పక్కన పెట్టరు," అన్నాను. నేను అప్పటికి బిలాస్‌పూర్ దాటి ఎరగను.

రాసింది చదివి వినిపిస్తుంటే ‘క్షమాభిక్ష’ దగ్గర ఆపేసింది. "బిచ్చమేటి? మావోడు అడుక్కునేవోడు కాడు." సరేనని ఆ మాట కొట్టేసి ‘మన్నింపు’ అని రాశాను.

ప్లీడరు గారు అర్జీ చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏమోయ్, రాష్ట్రపతి మన్నించేది కన్విక్షన్ అయినవాణ్ణి, అంటే కోర్టు దోషి అని తేల్చినవాణ్ణి. ఇన్వెస్టిగేషన్‌లో ఉన్నవాణ్ణి ఏమని మన్నిస్తారు?"

"అయితే బేగి శిచ్చ ఏయించియండి బాబూ," అంది పైడమ్మ. "రేపేయిస్తే ఎల్లుండికి మాపీ."

"శిక్ష పోయినా ఉద్యోగం తిరిగొస్తుందని ఎవరూ చెప్పలేరమ్మా." తర్వాత నావైపు తిరిగారు. "ఈ మొదటి వాక్యం నీదేనా? ‘పనసపండు తిన్న నా నేరాన్ని మన్నించి...’ ఇది ఠాణాకి చేరితే వాళ్లకి వేరే సాక్ష్యం ఎందుకోయ్?"

నేను కలం పాళీ శుభ్రం చేసుకున్నాను.

"మరిప్పుడు మాపీ సెయ్యగలిగేదెవరు బాబూ?"

"పండు ఎవరిదో వాళ్లే. ఆవిడ ఫిర్యాదు లేదంటే ఠాణా వాళ్లు వదిలేయొచ్చు. ఇంతకీ తిన్నాడా?"

"తిన్నాడు. ఎండకి పగిలిపోయి బట్టల మూటల మీద కారిపోతంటే ఏటి సేత్తాడు? అందరికీ పెట్టి తనూ తిన్నాడు. పిక్కలు మాత్రం ఆ అమ్మగారికిచ్చీమన్నాడు." కొంగు ముడి విప్పబోయింది.

ప్లీడరు గారు కుర్చీలోంచి లేచిపోయారు. "మూసెయ్యమ్మా. కేసు సొత్తు నా బల్లమీద పెట్టకు."

గార్డు గారింటికి పైడమ్మను నేనే తీసుకెళ్లాను. అక్కడ హైకోర్టులో వాదించినట్టు వాదించానని తర్వాత చెప్పుకున్నాను గానీ, నిజానికి వాళ్ల కుక్క నన్ను గేటు దాటనివ్వలేదు. మాటలు మాత్రం వినబడ్డాయి.

"తినేసి ఇప్పుడొచ్చావుటే?"

"పగిలిపోనాది మామ్మగారూ. పారబోస్తే మీకు సంతోసమా?"

"ఎలా ఉంది?"

"తేనె."

"ఉండదూ మరి, మా పెరటి చెట్టుది. పిక్కలేం చేశారు?"

"ఇవిగో. కడిగి ఆరబెట్టేను."

"ఈ ఊళ్లో ఎవడికీ వీటి విలువ తెలీదు. దొంగైతే కడిగి తెస్తాడుటే?"

మామ్మగారు రిక్షా ఎక్కి ఠాణాకి వచ్చారు. "చోరీ నహీ. ఫల్ ఫట్ గయా. హమారా ఫల్, హమ్ మాఫ్ కియా," అన్నారు, అంటే దొంగతనం కాదు, పండే పగిలింది, నా పండు గనక నేనే మాఫీ చేశానని. ఠాణాదారు మీసం చాటున నవ్వుకుంటూ రాసుకున్నాడు. కేసు అక్కడితో మూసేశారు. వానలు పడేసరికి అప్పన్న పర్మనెంటు అయ్యాడు.

రాష్ట్రపతి గారి నుంచి నాకు జవాబొచ్చిందని కూడా కొందరికి చెప్పాను. అర్జీ వెళితే గదా జవాబు. ప్లీడరు గారు దాన్ని నా కళ్లముందే చింపేశారు.

ఆ తర్వాత ఎవరు మాఫీ అర్జీ రాయమన్నా, "శిక్ష పడిందా?" అని ముందు అడిగేవాణ్ణి. ఇంకా లేదంటే, "అయితే ఎవరిది తిన్నావు?" అనేవాణ్ణి. చాలామంది లేచి ఆ సొత్తు గలవాళ్ల ఇంటివైపే నడిచేవాళ్లు.

చాలామంది అంటున్నాను గానీ, ఇద్దరు.