చర్చి మూలగదిలోని పిడికెడు కుండ

రెండు వారాల కిందట ఆదివారం మా చర్చి మూలగదిలో చాప కోసం వెతుకుతుంటే పాత పిడికెడు కుండ కంటబడింది, లోపల గింజ లేదు సరికదా సాలెగూడు అల్లుకుని ఉంది. మా తరం ఆడవాళ్లకు దాని సంగతి చెప్పనక్కరలేదు. ఎసట్లో పోసే గింజల్లోంచి పూటపూటా ఒక పిడికెడు తీసి దాచి, ఆదివారం తెచ్చి ఆ కుండలో పోసేవాళ్లం, అది పొయ్యి వెలగని ఇంటికి పోయేది.

మా అమ్మ కూలికి పోయి తెచ్చిన కాసిని కొర్రల్లోంచీ ఆ పిడికెడు తీసేది. మాకే చాలనప్పుడు ఎవరికో ఎందుకని ఉక్రోషంతో ఒకసారి నేను దాన్ని మళ్లీ ఎసట్లో పడేశాను. అది చూసిన అమ్మ ఆ పూట తాను తినలేదు. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తర్వాత మా ఊరు వేంపల్లె నుంచి కువైట్‌కు వంటమనిషిగా పోయి, ఏళ్ల తరబడి ఒక ఇంట్లో వండి, ఆ ఇంటావిడ అండతో మన వైపు కూలీలకు సంగటి, శెనక్కాయల చట్నీ వండిపెట్టే మెస్సు తెరిచాను, అది మూడు మెస్సులైంది. అక్కడా పిడికెడు తీయడం మానలేదు, పని పోయి దిక్కుతోచక వచ్చినవాళ్లకు అదే పెట్టేదాన్ని.

ఊరికి తిరిగొచ్చాక చదువుకునే ఆడపిల్లలకు చర్చి పక్కనే భోజనశాల కట్టించి, నెలనెలా బియ్యం మూటలు దింపిస్తూ తెగ మురిసిపోయాను. ఆ ఆదివారం, కుండ ఎందుకు ఖాళీగా ఉందని మా వీధిలోని ముసలి చిన్నమ్మను అడిగితే, ఆమె మొహమాటం లేకుండా, "అంతా నువ్వే పెడ్తాండావు కదమ్మే, ఇంక మా పిడికెడు ఎవురికి కావాల?" అంది. అమ్మలాంటి ఆడవాళ్ల చేతుల్లోంచి పెట్టే భాగ్యాన్ని నేనే లాగేసుకున్నానని అప్పటికిగాని నా బుర్రకెక్కలేదు.

వెంటనే మూటలు తగ్గించి, కుండ కడిగించి, చిన్నమ్మ గడప తొక్కి అడిగాను.

"పిల్లోల్లకు తక్కువ పడతాండాయి చిన్నమ్మా, నీ పిడికెడు కావాల."

నిన్న ఆదివారం ఆమే ముందొచ్చింది, వెనక వీధి వీధంతా వచ్చింది. కొర్రలు పోయాయి, ఎసరు పోయి కుక్కర్లొచ్చాయి, ఆ రోజులు ఇక రావు. కానీ గ్లాసుతో కొలిచి వండే కోడళ్లు కూడా ఆ పిడికెడు మాత్రం చేత్తోనే తీసి తెచ్చారు. నేనూ మా ఇంటి బియ్యంలోంచి పిడికెడు తీసుకుని వరసలో చివరన నిలబడ్డాను. చిన్ననాడు ఎసట్లో పడేసిన అమ్మ పిడికెడు ఇన్నాళ్లకు కుండకు చేరింది.