అమ్మ ముఖం లేని సినిమా

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న హాల్లో ముప్ఫై మందిమి కూర్చుని ఆ సినిమా చూశాం. గంటన్నరలో ఒక్క ముఖమూ కనిపించదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో మామిడికాయలు ఏరే ఆడవాళ్ల చేతులే. ఆఖర్న ఒక చెయ్యి కాయను చీర కొంగుతో తుడిచి గంపలో పెడుతుంది, తెర నల్లబడుతుంది. "ముఖం చూపించకపోవడమే దీని గొప్ప," అన్నాడు పక్కాయన. నాకు ఒళ్లు మండింది. ఆ చెయ్యి మా అమ్మది. ముఖం లేకపోవడం గొప్పా కాదు, కళా కాదు. అది నేను చేసిన పని.

మార్కెట్ ఇంకా అక్కడే ఉన్న రోజులవి. నేను డిగ్రీ చదువుతున్నాను. అమ్మ టీచరని కాలేజీలో చెప్పుకున్నాను. మార్కెట్ గేటు ముందు నుంచి స్కూటీ మీద వెళ్లాలంటే ముఖానికి స్కార్ఫ్ బిగించి కట్టేదాన్ని. అలాంటిది, డైరెక్టర్ గారు సరూర్‌నగర్‌లోని మా కిరాయి ఇంటికి వచ్చి, "సినిమా అంతా చేతులేనండీ. చివర్లో మాత్రం మీ అమ్మగారి ముఖం చూపిస్తాను," అంటే నాకు ముందు కాలేజీయే గుర్తొచ్చింది.

అమ్మ మాత్రం మర్నాడు తల దువ్వుకుని, పెట్టెలోని కొత్త చీర కట్టుకుని పనికి పోయింది. నేను వెనకే వెళ్లి డైరెక్టర్ గారిని పక్కకు పిలిచాను.

"మా అమ్మ ముఖం వద్దు సార్. మా కాలేజోళ్లు చూస్తరు."

ఆయన సరేనన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చిన అమ్మ, "గింత మంచిగ తయారై పోతె చేతులే తీసిండ్రు బిడ్డా. నా మొకం మంచిగ లేదా ఏంది?" అంది.

"సిన్మావాళ్లు గంతేనే అమ్మా," అని నవ్వేశాను.

అమ్మ పోయి రెండేళ్లయింది. ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లో బిగుసుకుపోయి నిలబడి ఉంటుంది. కాయలు ఏరుతూ తనలో తాను నవ్వుకునే అమ్మను ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, చూడాలని ఉంది. అందుకే హాలు ఖాళీ అయ్యేదాకా ఆగి, సినిమా చూపించడానికి వచ్చిన డైరెక్టర్ గారిని సిగ్గు విడిచి అడిగాను.

"అమ్మ ముఖం ఎక్కడన్నా మిగిలిందా సార్? ఒక్క ముక్కైనా?"

ఆయన నన్ను గుర్తుపట్టారు.

"లేదమ్మా. మీరు చెప్పగానే కెమెరాని చేతుల మీదికి దించేశాం. ఆ సంగతి షూటింగ్ అయిపోయేదాకా ఆవిడకి చెప్పడమే మర్చిపోయాం. పాపం, ప్రతి షాటుకీ ముందు కొంగుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నారు."