ఉపదేశి పిలిచిన జ్ఞానులు

మా పక్కింటి ఉపదేశి డిసెంబరు మొదట్లో పోయారు. పొద్దున పాలు పోసే ఆమె వచ్చి, "సార్, ఉపదేశన్న లేడంట" అంది. గిన్నె పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాను. బత్తలపల్లెలో నాతో వాదించడానికి మిగిలిన మనిషి ఆయనొక్కరే. తక్కినవాళ్లతో నేనే మానేశాను. నేను చెప్పేది సగం మందికి అర్థం కాదు, అర్థమైనవాళ్లకు నచ్చదు.

చర్చికి పాస్టరు అనంతపురం నుంచి నెలకోసారి వచ్చేవాడు. మిగతా ఆదివారాలు వాక్యం చదవడం, పిల్లలకు పాటలు నేర్పడం, గంట కొట్టడం, వాకిలి ఊడ్చుకోవడం, అన్నీ ఉపదేశే. వానలు మొహం చాటేసే ఈ ఊళ్లో ఏడాది పొడుగునా గొడుగు వేసుకుని తిరిగేవారు. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు. నాకు ఏ దేవుడి మీదా నమ్మకం లేదని తెలిసీ, "నీ కోసరం గూడా ప్రార్థన చేసినా సార్, కోప్పడాకు" అని చెప్పి మరీ వెళ్లేవారు.

క్రిస్మస్ నాటకం ఆయనదే. అందులో ఆయన పెట్టుకున్న నియమం ఒకటుంది. పుట్టిన యేసును వెతుక్కుంటూ వచ్చే తూర్పు దేశపు జ్ఞానుల వేషాలు చర్చికి చెందనివాళ్లే వేయాలి. మా వీధిలో గొర్రెలు కాసే ముసలాయన, పట్టుచీరలు నేసే ఒకాయన, స్కూటర్లు బాగుచేసే సాయిబు, ఎప్పుడూ ఆ ముగ్గురే. పొడుగు అంగీలు తొడుక్కుని, "రాజు యాడ పుట్టినాడప్పా?" అని అడుగుతూ వీధి పొడుగునా నడిచి చర్చిలోకి రావాలి. అరుగుల మీది ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఈడ యా రాజూ పుట్టలేదు గానీ, నీళ్ల ట్యాంకరు కనపడితే ఇట్ల పంపీండి!"

"ఏం మామా, గొర్రెలు ఎవురికి ఒప్పజెప్పి వచ్చినావు?"

నేనూ ఊరుకునేవాణ్ని కాదు. "జ్ఞానులు ముగ్గురని గ్రంథంలో యాడా లేదు గదన్నా" అన్నాను ఒకసారి.

"లేదు సార్. నా పెట్టెలో ఉండేటివి మూడే అంగీలు. నాలుగో జ్ఞాని వస్తే లుంగీలో రావల్ల."

పోయినేడు చర్చి కమిటీకి కొత్త కార్యదర్శి వచ్చాడు. నా పుస్తకం విప్పకుండానే బాగుందన్న పెద్దమనిషి. ఇదీ చదువుతాడో లేదో, చదవనీ. మా వాకిట్లోనే ఉపదేశిని పట్టుకున్నాడు. "దేవుని మందిరంలో అన్యుల వేషాలేంది? మన పిల్లోళ్లు లేరా?"

ఉపదేశి సాసరు కింద పెట్టారు. "అయ్యా, లేఖనాలు తెలిసిన శాస్త్రులు యెరూషలేములోనే ఉండిరి. రాజు పుట్టే ఊరి పేరు గూడా చెప్పిరి. ఒక్కడన్నా లేచి పోయినాడా? పోయిందెవురు? మన భాష రానోళ్లు, మన దేవుడు తెలీనోళ్లు. వాళ్లను వాకిట్లో నిలబెడితే ఇంక పండగ యాడుండాది?" తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వు నవ్వాకు సార్. నువ్వు శాస్త్రుల పక్కే."

ఈ కథ మీద వ్యాఖ్యానాలు చాలానే చదివాను. బంగారం దేనికి గుర్తు, బోళం దేనికి గుర్తు అని జ్ఞానులు తెచ్చిన కానుకల చుట్టూ తిరుగుతాయి. నాకు మాత్రం బయటివాళ్లను వాకిట్లో నిలబెట్టకూడదన్న ఉపదేశి మాటే నచ్చింది. ఆయన ఉండగా ఆ సంగతి ఒప్పుకోలేదు, ఒప్పుకుంటే వాదన అయిపోయేది.

సమాధి తోటలో మట్టి వేసి ఇంకా చేతులు కడుక్కోలేదు, కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. ఈసారి జ్ఞానులు మన సంఘం పిల్లలే అన్నాడు. గొర్రెల ముసలాయన తల వంచుకున్నాడు. ఉపదేశి భార్య మాత్రం తల ఎత్తింది.

"అంగీలు నా పెట్టెలో ఉండాయి. ఆయప్ప పిలిచినోళ్లకే ఇస్తా. కావల్లంటే మీరు కొత్తవి కుట్టించుకోండన్నా."

పండగ సాయంత్రం ముగ్గురూ అంగీలు తొడుక్కుని వీధిలోకి దిగారు. రాజు యాడ పుట్టినాడని అడిగారు. ఈసారి ఎవరూ ఎగతాళి చేయలేదు. "ఆడుండాడు మామా, నేరుగా పో" అని చర్చి వైపు చెయ్యి చూపించారు. తలుపు దగ్గర నిలబడ్డ కార్యదర్శి కాసేపు అటూ ఇటూ చూసి పక్కకు జరిగాడు.

గడ్డి మీద బాలయేసుగా పడుకోబెట్టిన బిడ్డ కార్యదర్శి మనవరాలే. ముసలాయన మోకాళ్ల మీద వంగగానే అంగీ కిందినుంచి వేలాడుతున్న కంబళి కుచ్చులు పట్టుకుంది. కార్యదర్శి వచ్చి పిడికిలి విప్పబోయాడు. బిడ్డ కేకపెట్టింది, ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పాట అయిపోయింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. తక్కిన ఇద్దరు జ్ఞానులు వెళ్లడానికి తిరిగి, ఆగి, చూస్తున్నారు. ముసలాయన కదల్లేదు. బిడ్డ ఉలిక్కిపడుతుందేమోనని దగ్గు కూడా ఆపుకుని, అట్లాగే వంగి ఉన్నాడు.